కెప్టెన్ పట్టీ విప్పిన తర్వాత

ఈ వ్యాసం ఒక తగాదాతో మొదలైంది. లక్సెట్టిపేటలో నెలకోసారి కలిసి కూర్చునే రాసేవాళ్ళం మేము. మాలో గోండులున్నారు, కోలాములున్నారు, నాయకపోళ్ళున్నారు, లంబాడీలున్నారు. బడిలో పాఠాలు చెప్పేవాళ్ళు కొందరు, పత్తి చేను చేసుకునేవాళ్ళు కొందరు, బాయి పని చేసి దిగిపోయినవాళ్ళు ఒకరిద్దరు. ఆ రోజు మాలో ఒక తమ్ముడు ఒక మాట తెచ్చాడు. ఆటల్లో పేరు తెచ్చుకున్న ఆడబిడ్డను ఒకరిని పిలిచి సన్మానం చేద్దామన్నాడు. ఆశ్రమ పాఠశాలల పిల్లలు చూస్తారు, వాళ్ళకూ ఆశ పుడుతుందన్నాడు. మంచి మాటే. అందరం తలూపాం. అప్పుడు మాలో పెద్దదైన అక్క అడిగింది: "పిలుస్తం, శాలువ కప్పుతం, ఫొటో దిగుతం. తెల్లారినంక ఆమె సంగతేంది?"

తమ్ముడికి కోపమొచ్చింది. "మంచి పని చేద్దామంటే నువ్వెప్పుడూ గిట్లనే అడ్డమొస్తవక్కా" అన్నాడు. "అడ్డం రాలేదు తమ్మీ, అడుగుతున్న" అంది అక్క. ఆ సాయంత్రం సన్మానం సంగతి తేలలేదు. కానీ అక్క వేసిన ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఒక మనిషి ఆడినంత కాలం చప్పట్లు కొట్టిన మనం, ఆమె ఆట మానేసిన తర్వాత ఆమెకు ఏం బాకీ ఉన్నాం? ఆమెకు వచ్చిన పేరు ఎవరిది? ఆమెదా, మనదా? ఆ పేరుతో ఆమె మన కోసం ఏదో చేయాలని అడిగే హక్కు మనకుందా? ఈ మూడు ప్రశ్నల మీద మాలో మేము మాట్లాడుకున్నదే ఇక్కడ రాస్తున్నాం.

ఉత్త మాటలతో ధర్మాధర్మాలు తేలవు కాబట్టి, ఒక మనిషి బతుకును ముందు పెట్టుకుని మాట్లాడుకుందామనుకున్నాం. ఆడవాళ్ళ ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఎక్కువ కాలం ఆడి, కెప్టెన్‌గా నిలిచి, గౌరవంగా తప్పుకున్న మనిషి అంటే మాకు తోచిన పేరు ఓయినం బెంబెం దేవి. ఆమెది మన ప్రాంతం కాదు, ఇంఫాల్. ఆదివాసి కూడా కాదు, మెయితీ. ఆ సంగతి తర్వాత మళ్ళీ చెప్తాం, ఎందుకంటే దానిలో కూడా మనకు పాఠం ఉంది.

బెంబెం 1980లో పుట్టింది. చిన్నప్పుడు ఆడపిల్లలకు ఆడే జట్లు లేక మగపిల్లలతో కలిసి ఆడింది. జట్టులో చేర్చుకోరేమోనని మగపేరు చెప్పుకుని ఆడింది. ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. తర్వాత దేశమంతా ఎవరి పేరు చెప్పుకుందో, ఆ మనిషి మొదట తన పేరు దాచుకుని ఆడాల్సి వచ్చింది. పేరు దాచుకుంటే తప్ప బంతి దొరకలేదు. 1995లో, పదిహేనేళ్ళ వయసులో, ఆసియా పోటీల్లో గువామ్ మీద ఆడిన మ్యాచ్‌తో భారత జట్టులోకి వచ్చింది. 2003లో కెప్టెన్ అయింది. నడిమి మైదానంలో ఆడేది. గోలు కొట్టినవాళ్ళ ఫొటోలే పేపర్లో పడతాయి. నడిమి మైదానంలో ఉన్నవాళ్ళు బంతిని గుంజుకుని, ఎవరికి ఇవ్వాలో చూసి ఇచ్చి, మళ్ళీ వెనక్కి పరుగెత్తాలి. పొలంలో నీళ్ళు మళ్ళించే మనిషి పని లాంటిది అది. పంట పండినప్పుడు ఆ మనిషిని ఎవరూ చూడరు, ఎండినప్పుడు మాత్రం అందరూ వెతుకుతారు.

2010లో ఢాకాలో జరిగిన దక్షిణాసియా క్రీడల్లో భారత ఆడవాళ్ళ జట్టు బంగారు పతకం తెచ్చింది. ఆ ఏడాదే మొదలైన శాఫ్ ఆడవాళ్ళ పోటీల్లో 2010, 2012, 2014లో వరుసగా గెలిచింది. 2014లో బెంబెం మాల్దీవులకు పోయి న్యూ రేడియంట్ క్లబ్బుకు ఆడింది. 2016 ఫిబ్రవరిలో షిల్లాంగ్‌లో దక్షిణాసియా క్రీడల ఫైనల్లో నేపాల్‌ను 4-0తో ఓడించి బంగారు పతకం గెలిచాక దేశం తరఫున ఆడటం ఆపేసింది. ఇరవై ఏళ్ళు దాటిన ఆట అది. ఆ తర్వాత మొదటిసారి జరిగిన ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ జట్టుతో టైటిల్ గెలిచింది. 2017లో అర్జున అవార్డు వచ్చింది. అంతకు ముందు ఆ అవార్డు అందుకున్న ఆడవాళ్ళ ఫుట్‌బాల్ క్రీడాకారిణి 1983లో శాంతి మల్లిక్ ఒక్కరే. మధ్యలో ముప్పై నాలుగేళ్ళు ఎవరూ లేరు. 2020లో బెంబెంకు పద్మశ్రీ వచ్చింది.

ఇట్లా వరుసగా చెప్తే ఏ లోటూ లేని కథలా ఉంటుంది. కానీ ఈ వరుసలో ఒక గుంత ఉంది. 2009లో భారత ఆడవాళ్ళ జట్టు పేరు ఫిఫా ర్యాంకుల జాబితాలోనే లేకుండా పోయింది. కారణం ఓడిపోవడం కాదు. ఏడాదిన్నరకు పైగా ఆ జట్టును అంతర్జాతీయ మ్యాచ్ ఒక్కటీ ఆడించలేదు. అప్పటికి బెంబెం వయసు ఇరవై తొమ్మిది. ఆటగాళ్ళకు కాళ్ళలో బలమూ తలలో తెలివీ రెండూ కలిసి ఉండే వయసది. రైతుకు అదును పోతే ఏమవుతుందో మాకు తెలుసు. విత్తనం ఉంది, భూమి ఉంది, ఎద్దులున్నాయి, కానీ ఆరుద్ర కార్తెలో వేయాల్సింది వేయనివ్వలేదు. తర్వాత ఎన్ని అవార్డులిచ్చినా ఆ అదును తిరిగి రాదు.

అందుకే మా మొదటి మాట ఇది: పేరు వేరు, హక్కు వేరు. ఒక మనిషిని ఇష్టపడటం సులువు. ఆమెకు ఆడుకునే చోటు, ఆడే రోజు, ఆడినందుకు కూలి ఇవ్వడం కష్టం. మనం చాలాసార్లు మొదటిది చేసి రెండోది చేసినట్టే అనుకుంటాం.

ఇది మన దేశంలోనే జరిగింది కాదు. నూరేళ్ళ కింద ఇంగ్లండ్‌లో ప్రెస్టన్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళు ఒక జట్టు కట్టారు. డిక్, కెర్ లేడీస్ అని పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు పోరుకు పోతే ఫ్యాక్టరీ పనంతా వీళ్ళ మీద పడింది. పని విరామంలో మొదలైన ఆట పెద్దదైంది. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో వాళ్ళ ఆట చూడటానికి సుమారు 53,000 మంది వచ్చారు. లోపల చోటు చాలక వేలమంది బయటే నిలబడ్డారు. వచ్చిన పైసలు దానధర్మాలకు ఇచ్చారు. ఇంతకంటే జనాదరణ ఏం కావాలి? ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబర్ 5న, అక్కడి ఫుట్‌బాల్ సంఘం తమ క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళను ఆడనివ్వకూడదని తీర్మానం చేసింది. ఆ ఆట ఆడవాళ్ళకు తగదన్నది. ఆ నిషేధం యాభై ఏళ్ళు నడిచింది.

యాభై వేల మంది చప్పట్లు ఒక తీర్మానాన్ని ఆపలేకపోయాయి. ఎందుకంటే చప్పట్లు కొట్టినవాళ్ళ చేతుల్లో మైదానం లేదు. మాకు ఇది కొత్తగా అనిపించలేదు. మన డప్పుకు, మన ఆటకు, మన రేలపాటకు చప్పట్లు కొట్టని సభ లేదు. ఆ చప్పట్లు అడవి మీద మన హక్కును ఎన్నిసార్లు కాపాడాయి?

ఇక మా మనసును బాగా కుదిపిన సంగతికి వస్తాం. ఇది ఆట మానేసిన కెప్టెన్ కథ కాదు, ఆట మొదలుపెట్టిన ఒక చిన్న కెప్టెన్ కథ. 2022 అక్టోబర్‌లో పదిహేడేళ్ళ లోపు ఆడపిల్లల ప్రపంచ కప్ మన దేశంలోనే జరిగింది. భారత జట్టుకు కెప్టెన్ అష్టం ఒరావ్. ఝార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా, ఒరావ్ ఆదివాసి బిడ్డ. ఆమె కెప్టెన్ అయిందని తెలిసి అధికారులు ఆమె ఊరికి ఆమె పేరు మీద దారి వేయించడం మొదలుపెట్టారు. ఆ దారి పనిలో ఆమె తల్లిదండ్రులే దినకూలికి మట్టి మోశారు. ఈ వార్త అప్పట్లో దేశమంతా వచ్చింది.

ఈ సంగతి మా కూటంలో చదివినప్పుడు మొదట అందరం ఒకే మాటన్నాం: ఎంత సిగ్గుచేటు! బిడ్డ పేరు మీద దారి, అమ్మానాన్నలు ఆ దారి మీద కూలి. కానీ అక్క ఒప్పుకోలేదు. "మట్టి మోసుడు సిగ్గా? మనం రోజూ చేసేదే గదా. వాళ్ళ బిడ్డ పేరు మీది దారి వాళ్ళు పోసుకుంటే వాళ్ళకు సంబురమే ఉండొచ్చు. సిగ్గుపడేది కూలి చేసినందుకు కాదు" అంది. మరి దేనికి? ఆలోచిస్తే మాకు తోచింది ఇది. ఆ బిడ్డ కెప్టెన్ కాకముందు ఆ ఊరికి దారి లేదు. కడుపుతో ఉన్న ఆడమనిషిని ఆసుపత్రికి తీసుకపోవాలన్నా, పిల్లలు బడికి పోవాలన్నా, దారి ఆ ఊరి హక్కు. అది వాళ్ళకు హక్కుగా రాలేదు, బహుమతిగా వచ్చింది. హక్కు బహుమతిగా మారినప్పుడు ఒక అన్యాయం జరుగుతుంది, అది కంటికి కనబడదు. ఒక ఊరికి కెప్టెన్ పుట్టింది కాబట్టి దారి వచ్చిందంటే, కెప్టెన్ పుట్టని ఊరికి దారి అడిగే నోరు లేదని కూడా అర్థం.

మన చుట్టూ చూసుకుందాం. వాన పడితే వాగు దాటలేని గూడేలు పాత ఆదిలాబాద్ జిల్లాలో ఎన్ని ఉన్నాయో చదివేవాళ్ళకు మేము చెప్పాల్సిన పని లేదు. మంచం మీద పేషెంటును మోసుకుని వాగు దాటించిన ఫొటోలు ప్రతి వానకాలం వస్తాయి. ఆ గూడేల బిడ్డలందరూ ఫుట్‌బాల్ నేర్చుకుని కెప్టెన్లు కావాలా?

తమ్ముడు ఒక ఎదురు మాట అన్నాడు. అది తీసిపారేసేది కాదు. "నువ్వు చెప్పింది నిజమే గానీ, పేరు రాకపోతే ఆ దారి ఎప్పటికీ రాకపోవు గదా. వచ్చిన పేరును వాడుకునుడు తప్పా?" అన్నాడు. తప్పు కాదు. ఆ ప్రపంచ కప్‌లో భారత జట్టు అమెరికా మీద 8-0, మొరాకో మీద 3-0, బ్రెజిల్ మీద 5-0 తేడాతో ఓడిపోయింది. ఓడిపోయిన జట్టు కెప్టెన్ పేరు కూడా ఒక ఊరికి మట్టి తెప్పించగలిగిందంటే, పేరుకు బలం ఉన్నట్టే. ఆకలైనవాడు అన్నం ఎటునుంచి వచ్చిందని అడగడు. కానీ అన్నం పెట్టినవాడు, ఇది నీకు ధర్మంగా పెట్టాను, నీ హక్కు కాదు అని చెప్తే, ఆ ఒక్క ముక్కకు జవాబు చెప్పాలి. పేరుతో వచ్చిందాన్ని తీసుకుందాం. తీసుకుంటూనే, ఇది పేరు లేనివాళ్ళకు కూడా రావాలని అడుగుదాం. రెండోది అడగకపోతే మొదటిది మన నోరు మూయించే లంచం అవుతుంది.

ఇక్కడే మూడో ప్రశ్న వస్తుంది. ఆ రెండో మాట ఎవరు అడగాలి? పేరు వచ్చిన మనిషే అడగాలా?

దీనికి మన ఆదివాసీల్లోనే ఒక పెద్ద కెప్టెన్ ఉన్నాడు. జైపాల్ సింగ్ ముండా. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన భారత హాకీ జట్టు కెప్టెన్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. హాకీ మానేశాక ఆదివాసి మహాసభకు నాయకుడయ్యాడు. రాజ్యాంగ సభలో కూర్చుని, ఆదివాసుల తరఫున, మేము ఈ నేలకు మొదటివాళ్ళమనే మాటను గట్టిగా వినిపించాడు. హాకీ పేరు, చదువు పేరు లేకపోతే ఆ సభలో ఒక ముండా మాటను అంత శ్రద్ధగా వినేవాళ్ళా అన్నది అనుమానమే. ఆయన తన పేరును జాతి కోసం ఖర్చు పెట్టాడు. కానీ 1963లో తన ఝార్ఖండ్ పార్టీని కాంగ్రెస్‌లో కలిపినప్పుడు సొంత మనుషులే ఆయన్ను తిట్టారు. పేరు ఖర్చు పెట్టేవాడికి ఆ పేరు తరిగిపోయే భయం కూడా ఉంటుంది.

జైపాల్ సింగ్ ఆ పని తనకు తానుగా ఎంచుకున్నాడు. అష్టంనో, రేపు మన ఉట్నూరు నుంచో నార్నూరు నుంచో వచ్చే మరో అమ్మాయినో పట్టుకుని, నువ్వు మా అందరి తరఫున మాట్లాడు అనే హక్కు మనకు ఉందా? బాగా ఆడటమే ఒక మనిషి జీవితమంతా చేసే పని. బంతిని మలుపుకునే నేర్పు, జాతి బాధ చెప్పే నేర్పు ఒకటి కావు. పెద్ద కులాల ఆటగాడు బాగా ఆడితే చాలు. మన బిడ్డ మాత్రం బాగా ఆడాలి, జాతి పేరు నిలపాలి, మీటింగుల్లో మాట్లాడాలి, ఎక్కడా తప్పు చేయొద్దు, చేస్తే జాతికే మచ్చ. ఒక మనిషి మీద ఇంత బరువు మోపడం న్యాయం కాదు. మేము ఈ విషయంలో ఒక్క మాట మీదికి వచ్చాం: అడగొచ్చు, అడిగాక ఆమె కాదంటే మన గౌరవం తగ్గొద్దు.

మాట్లాడితే మాత్రం ఏమవుతుంది? మళ్ళీ బెంబెం దగ్గరికి వస్తాం. 2023 మే 3న మణిపూర్‌లో మెయితీలకు, కుకీలకు మధ్య మంటలు లేచాయి. మెయితీలను షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేర్చాలన్న కోరిక, దాని మీద కొండ తెగల అభ్యంతరం ఆ గొడవకు ఒక కారణం. ఆ నెలాఖరులో మణిపూర్ క్రీడాకారులు కొందరు కేంద్ర హోం మంత్రికి లేఖ రాశారు. శాంతి నెలకొనాలని, మణిపూర్ ముక్కలు కావొద్దని, లేకుంటే తమకు వచ్చిన అవార్డులు తిరిగి ఇచ్చేస్తామని అన్నారు. సంతకం చేసినవాళ్ళలో బెంబెం ఉంది. కడుపులో బాధతోనే చేసి ఉంటుంది. కానీ అదే సమయంలో కొండల్లోని కుకీ ప్రజలు తమకు వేరే పాలన కావాలని అడుగుతున్నారు. వాళ్ళకు ఆ లేఖ ఎట్లా వినబడి ఉంటుంది? ఇరవై ఏళ్ళు దేశానికి ఆడి, దేశానికంతటికీ కెప్టెన్‌గా కనబడిన మనిషి, ఒక్క సంతకంతో ఒక ఒడ్డున నిలబడ్డట్టు అవతలి ఒడ్డువాళ్ళకు కనబడి ఉంటుంది. మేము ఆమెను తప్పు పట్టడం లేదు. పేరున్న మనిషి నోరు తెరిస్తే ఆ పేరు అందరిదిగా ఉండదని చెప్తున్నాం.

ఇది దూరపు సంగతి అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. నిజామాబాద్ జిల్లా నుంచి గుగులోతు సౌమ్య భారత ఫుట్‌బాల్ జట్టులో ఆడుతోంది. క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు కూడా ఆడి వచ్చింది. 2024-25కు జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆడవాళ్ళలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. తమ్ముడు సన్మానానికి అనుకున్న పేర్లలో ఆమెది మొదటిది. ఆ పేరు చెప్పగానే మా కూటంలో ఒక చిన్న నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎందుకో మాకందరికీ తెలుసు. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. 2017లో ఆ జాబితా మీద మన జిల్లాల్లోనే గోండులు, లంబాడీలు ఎదురెదురుగా నిలబడ్డారు. ఆ గొడవలో ఎవరి మాటలో ఎంత న్యాయముందో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. మా కూటంలో కూడా దాని మీద రెండు అభిప్రాయాలున్నాయి, దాచేది లేదు. కానీ ఒక గోండు అన్న ఆ నిశ్శబ్దంలో మాట్లాడాడు: "ఉద్యోగాల పంచాయితి వేరే. ఆ పిల్ల ఆడిన ఆట మీద నాకేం పంచాయితి లేదు. నా బిడ్డకు చూపిస్త." ఈ మాటతో జాబితా గొడవ తీరదు. తీరిందని చెప్పడం అబద్ధం. కానీ ఒక బిడ్డ ఆటను ఆమె కులం గొడవకు సాక్ష్యంగా పిలవకుండా ఉండటం మన చేతిలో పని. మన బిడ్డ అని గెలిచినప్పుడు అని, జాబితా దగ్గర మీ బిడ్డ అనడం ఎవరికీ మర్యాద కాదు.

ఇప్పుడు అక్క వేసిన మొదటి ప్రశ్నకు వస్తాం. ఆట అయిపోయాక ఆ మనిషికి మనం ఏం బాకీ?

మా గోండు సోదరులు దీనికి దండారిని గుర్తు చేశారు. దీపావళి ముందు దండారి మొదలైతే, దండేపల్లి మండలం గుడిరేవులో గోదారి ఒడ్డున పద్మల్‌పురి కాకో దగ్గరికి ఎక్కడెక్కడి నుంచో గూడేలు కదిలి వస్తాయి. నెమలి ఈకల మల్ బూర తలకు పెట్టుకున్న గుస్సాడీని అప్పుడు ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఆయన అప్పుడు ఫలానా ఇంటి మనిషి కాదు, దేవుడి మనిషి. పెద్దలు కూడా మొక్కుతారు. కొలబొడితో పండుగ ముగుస్తుంది. మల్ బూర దించి భద్రంగా దాస్తారు. ఆ మనిషి స్నానం చేసి మళ్ళీ తన ఇంటికి, తన చేనుకు పోతాడు. మొన్నటిదాకా మొక్కినవాళ్ళెవరూ ఆయన్ను చూసి, ఇప్పుడేముంది నీ దగ్గర అని నవ్వరు. ఆయనా, నిన్న నాకు మొక్కారు కదా అని విర్రవీగడు. గూడెం ఒక మనిషిని పైకెత్తగలదు, నొప్పి తగలకుండా కిందికి దించగలదు. మర్లవాయి కనకరాజు ఆ గుస్సాడీ ఆటతోనే ఢిల్లీ దాకా పోయి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో పోయేదాకా ఆయన ఉన్నది మర్లవాయిలోనే.

నేటి జనాదరణకు ఎత్తడం తెలుసు, దించడం తెలియదు. ఫ్లెక్సీ కట్టడం తెలుసు, ఫ్లెక్సీ చిరిగాక ఆ మనిషి ఎట్లా ఉందో అడగడం తెలియదు. ఈ పోలిక మాకు బాగా నచ్చింది. అప్పుడు అక్క నవ్వి, "మల్ బూర ఆడవాళ్ళు పెట్టుకోరు గదా. మాకు ఎత్తుడే లేదు, ఇంక దించుడేంది?" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు. పోలిక అక్కడ కుంటుతుందని ఒప్పుకున్నాం. ఇల్లు, పొలం, కట్టెలు, నీళ్ళు, పిల్లలు. ఆడవాళ్ళ పనికి పండుగ రోజు కూడా లేదు, కొలబొడి కూడా లేదు.

ఆ మాట మీదనే మాలో ఒకరు తమ ఇంటి సంగతి చెప్పారు. వాళ్ళ చెల్లెలు ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు జట్టు కెప్టెన్. జోనల్ పోటీలకు పోయి కప్పు తెచ్చింది. పదో తరగతిలో ఆడుతూ మోకాలు మెలిపడింది. ఆకు పసరు కట్టారు, వాపు తగ్గింది, అంతా అయిపోయిందనుకున్నారు. పదైనాక పెండ్లి చేశారు. ఇప్పుడామెకు ముప్పై ఐదేళ్ళు. నాటుకు వంగితే ఆ మోకాలు ఇప్పటికీ నొస్తది. సర్టిఫికెట్లు ఇనుప పెట్టెలో ఉన్నాయి. ఆమెను ఎవరూ మాజీ కెప్టెన్ అనరు. ఈ వ్యాసం కోసం మేము ఆమెను అడిగాం, ఆట మానేసినప్పుడు ఏమనిపించిందని. "మానేస్తున్న అని నేనెప్పుడనుకున్న? ఎండకాలం సెలవులకు ఇంటికొచ్చిన, మళ్ళ పోలే" అంది. కాసేపాగి, "నా బిడ్డ ఆడుతది. బూట్లు లెవ్వు" అంది.

బెంబెం దేవికి పోలీసు శాఖలో ఉద్యోగం ఉంది, లీగ్ ఉంది, పద్మశ్రీ ఉంది. ఆమె తప్పుకున్న రోజు దేశానికి తెలుసు. మా చెల్లెలు తప్పుకున్న రోజు ఆమెకే తెలియదు. ఇద్దరి ఆటలో తేడా ఉండొచ్చు, ఒప్పుకుంటాం. కానీ ఆ తేడాలో ఎంత పాలు నేర్పుది, ఎంత పాలు ఒక డాక్టరుది, ఒక జత బూట్లది, రెండేళ్ళు ఆగగలిగిన ఒక పెండ్లిది? అది మేము కొలవలేం. కొలవలేమని తెలిసినప్పుడు, గెలిచినవాళ్ళే గొప్పవాళ్ళని, మిగతావాళ్ళు తగనివాళ్ళని అనుకోవడానికి మనకు వీల్లేదు.

కాబట్టి మాకు తేలింది చెప్తాం. పేరు ఆమెది. దాన్ని మనం అప్పుగా తీసుకుని సంతోషపడ్డాం, అందుకని మనమే బాకీదారులం. ఆమె మనకు ఇంకా ఏదో ఇవ్వాలని లేదు. ఇస్తే తీసుకుందాం. మన బాకీ తీర్చే దారి శాలువా కాదు. ఆడేటప్పుడు దెబ్బ తగిలితే ఆసుపత్రికి తీసుకుపోవడం, ఆట మానేశాక పిల్లలకు నేర్పే పని ఇచ్చి దానికి జీతం ఇవ్వడం, ఆటల గురించి నిర్ణయం చేసే చోట ఆమెను కూర్చోబెట్టడం. ఇవి ఆమెకు. ఆమె వెనుక ఆడిన పదిమందికి కూడా ఇవే, ఎందుకంటే పదకొండో మనిషి ఒక్కతే ఎప్పుడూ గెలవలేదు.

సన్మానం చేయాలా వద్దా అన్నదానికి కూడా ఒక మాట మీదికి వచ్చాం. పేరున్న ఆటగత్తెను పిలుద్దాం. ఆమెకు వీలైతేనే, ఆమె దారి ఖర్చు మనమే పెట్టుకుని. శాలువాకు, మెమెంటోకు, ఫ్లెక్సీకి అనుకున్న పైసలతో బూట్లు కొందాం. అదే వేదిక మీద మన మండలాల్లో ఒకప్పుడు బడి జట్లకు కెప్టెన్లుగా ఉన్న ఆడవాళ్ళను, ఇప్పుడు నాట్లు వేస్తున్నవాళ్ళను, పత్తి ఏరుతున్నవాళ్ళను కూడా కూర్చోబెడదాం. వాళ్ళ పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాం. మొదటి పేరు ఇనుప పెట్టెలో సర్టిఫికెట్లు దాచుకున్న చెల్లెలిది. ఆమె ఒక షరతు పెట్టింది: పత్తి ఏరే రోజుల్లో పెట్టొద్దట, రాలేనట. అందుకని తేదీ ఇంకా ఖాయం చేయలేదు. మీ ఊళ్ళో అట్లాంటి కెప్టెన్ ఎవరైనా ఉంటే ఆమె పేరు మాకు చెప్పండి. చెప్పే ముందు ఆమెను ఒక్కసారి అడగండి.